ఎడమ భుజం దిగిన కవచం

వానలు వెనక్కి తగ్గి గాలి కాస్త పొడిబారగానే మిత్సుయో పెట్టె తెరిచి, కవచాన్ని వరండాలో ఆరేస్తుంది. నల్లటి లక్క మీద వేలిముద్ర పడకుండా శిరస్త్రాణాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. చివికిన పట్టుతాళ్ళు విప్పేసి కొత్తవి అల్లుతుంది. చెమ్మతో, బూజుతో, ఎలకలతో ఏటా యుద్ధం చేసేది ఆవిడ. కవచం మటుకు తమ్ముడు కత్సునోరిది. నాన్న పోయాక వంశపు కవచం కొడుక్కే కదా చెందాలి. చాకిరీ ఒకరిది, సోకు ఇంకొకరిది. ఏం న్యాయమో మీరే చెప్పండి.

మిత్సుయో వాళ్ళ మోన్మా ఇంటి కవచం సంగతి ఊరందరికీ తెలిసిందే. అది ఎవరిదైతే వాళ్ళ ఒంటికి తగ్గట్టు ఉంటుంది. తాతకి ముసలితనంలో నడుం వంగితే అదీ వంగింది. నాన్న బీరు తాగి పొట్ట పెంచితే అదీ పెంచింది. "మీకేమమ్మా, దానంతటదే సర్దుకుంటుంది. మాకు తాళ్ళు వదులు చేసుకోలేక చేతులు పడిపోతున్నాయి" అని ఇరుగుపొరుగు కుళ్ళుకునేవాళ్ళు.

జపాన్‌లో ఫుకుషిమా తీరాన ఉన్న ఆ ఊళ్ళో ప్రతి వేసవిలోనూ తాతల నాటి కవచాలు తొడుక్కుని గుర్రాల మీద ఊరేగుతారు. ఆడపిల్లలూ ఎక్కొచ్చు, పెళ్ళి కానంతవరకు, ఇరవై నిండనంతవరకు. మిత్సుయో పంతొమ్మిదో ఏట గుర్రం దిగింది. మళ్ళీ ఎక్కనివ్వమని ఉత్సవ కమిటీ పెద్ద సదకిచిని ఏటా అడిగేది. "కట్టుబాటమ్మా, నా చేతుల్లో ఏముంది" అనేవాడాయన. ఆ కట్టుబాటు రాసిన చేతులు ఆయనవే. సెందాయ్‌లో కార్లు అమ్ముకునే తమ్ముడు అసలు గుర్రం మొహమే చూడకపోయినా ఎవరూ ఇదేమిటని అడగలేదు. ఒళ్ళు మండదూ మరి?

ఈ ఏడు ఆరేసిన కవచం ఇంకా వరండాలో ఉండగానే కత్సునోరి దిగాడు. వెంట తతెబె అని టోక్యో పెద్దమనిషి. పాత శిరస్త్రాణాలూ కవచాలూ సేకరించి ఊరూరా ప్రదర్శన పెడుతుంటాడు.

"అక్కా, మనది వీరికి ఇచ్చేస్తున్నాను. గాజు పెట్టెలో పెడతారు. కింద ఇత్తడి పలక మీద నా పేరు ఉంటుంది."

"నీ పేరెందుకురా? ఏనాడైనా దుమ్ము దులిపావా?"

"వారసుణ్ణి కదక్కా."

"అవునవును. గుర్రం సకిలిస్తే కారెక్కి తలుపేసుకునే వారసుడివి."

తతెబె నవ్వాపుకుని, వంగి తాళ్ళు చూశాడు. "ఇవి ఎవరు అల్లారమ్మా?"

"నేనే."

"పర్లేదు లెండి, మా నిపుణులు మార్చేస్తారు."

మిత్సుయోకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏ హక్కుతో అడ్డుపడుతుంది? ఒక్కో భాగాన్నీ పాత గుడ్డల్లో చుట్టి, పెట్టెలో సర్ది, ఇచ్చేసి లోపలికి పోయి ఏడ్చింది.

ప్రదర్శన ఊరి హాల్లోనే పెట్టారు. గుమ్మానికి అడ్డంగా రిబ్బను, దాని ముందు కత్తెరతో సదకిచి, ఆయన వెనక జనం. లోపలేమో కవచం స్టాండుకి ఎక్కడం లేదు. స్టాండు భుజాలు వెడల్పు, కవచానివి ఇరుకు.

"మీరు చెప్పిన కొలతలతోనే చేయించాను కదండీ" అని తతెబె విసుక్కున్నాడు.

కత్సునోరి కవచాన్ని కొలిస్తేగా. వారసుణ్ణి నేనే కాబట్టి నా కొలతే దాని కొలత అనుకుని, తన చొక్కా కొలత ఫోన్లో చెప్పేశాడు. ఆ ఇంట్లో పుట్టినవాడెవడైనా అదే చేసేవాడు లెండి.

తాళ్ళు వదులు చెయ్యమని మిత్సుయోని పిలిపించారు. పక్క తలుపులోంచి వచ్చింది.

"పైగా చూడండి, ఎడమ భుజం కిందికి దిగిపోయింది. ఇదొక లోపం" అన్నాడు తతెబె.

మిత్సుయో చెయ్యి తన ఎడమ భుజం మీదికి పోయింది. ఏళ్ళ తరబడి ఒకవైపు ఒరిగి తాళ్ళు అల్లి అల్లి దిగిపోయిన భుజం అది. కవచం అందుకుని తొడుక్కుంది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా వేలాడలేదు.

ఈ కవచం సంగతి ఊళ్ళో విని ఉన్న తతెబె ఆమెని ఒకసారి ఎగాదిగా చూసి, ఇత్తడి పలక తీసి జేబులో వేసుకున్నాడు. "మీది కానిది మీరెలా ఇస్తారండీ?" అని కత్సునోరినే కసిరాడు. వాడు కూడా కాదనలేదు.

ఆమె శిరస్త్రాణం పెట్టుకుని పెద్ద గుమ్మంలోంచే బయటికి నడిచింది. రిబ్బను ఛాతీకి తగిలి తెగిపోయింది. సదకిచి ఒక్క చూపులో సంగతి గ్రహించాడు.

"కవచం నీదైతే ఇంకేముందమ్మా, కట్టుబాటుదేముంది, మార్చేద్దాం, ఊరేగింపులో ముందు వరసలోనే రా. మేమెప్పుడైనా నిన్ను వద్దనుకున్నామా? ఇప్పుడు సంతోషమేగా?"

"సంతోషమా?" మిత్సుయో ఆగింది. "నేను దిగిన గుర్రం ముసలిదై చచ్చిపోయింది, సదకిచిగారూ. దాని పిల్ల కూడా చచ్చిపోయింది. ఏటా మీ గుమ్మానికొచ్చి అడుక్కున్నాను. ఇప్పుడు సంతోషించాలా నేను?"

ఆమె ఇంక అక్కడ నిలబడలేదు. జనం తప్పుకుని దారిస్తే తిన్నగా గుర్రపుశాలకి వెళ్ళి, పేరైనా తెలియని గుర్రం ఒకటి ఎక్కింది.