నలభై ఒకటో తెలుపు

టప్.

మూడు వారాలుగా మా స్నానాలగది కుళాయి కారుతోంది. బిగించినా కారుతోంది. గుడ్డ చుట్టినా కారుతోంది.

టప్... టప్...

నేను రంగుల కంపెనీలో రంగులకు పేర్లు పెడతాను. ఇప్పటికి నలభై తెలుపులకు పెట్టాను. ఇప్పుడు నలభై ఒకటోది వచ్చింది — నలభయ్యోదానికీ దీనికీ తేడా కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలి.

ఇవాళ పదకొండింటికల్లా పేరు ఇవ్వాలి. లేకపోతే నా సీటు మేనేజరుగారి బావమరిదిది.

పేరు ఎక్కణ్ణుంచి వస్తుంది?

"రెండు పాతవి కలిపితే ఒక కొత్తది. అంతేనయ్యా" అంటాడు మేనేజరు. కలిపాను. మీగడమల్లె. మంచుపాలు. ఫినాయిల్ సీసా మీద పేర్లలా ఉన్నాయి.

"వంద చెత్తవి రాయరా, ఒక మంచిది తగులుతుంది" అంటాడు మా అన్నయ్య. తొంభై తొమ్మిది రాశాను. వందోది రాయాలంటే భయంగా ఉంది.

"దాన్నొదిలేసి ఇంకో పని చూసుకోండి, అదే వస్తుంది" అంటుంది మా ఆవిడ. ఆ ఇంకో పని ప్రతిసారీ బట్టలు మడతపెట్టడమే ఎందుకవుతుందో.

నా నమ్మకం వేరు. ఎవరికీ చెప్పలేదు.

కిందటి మూడు పేర్లూ ఈ చుక్క కిందే వచ్చాయి. టప్ — కడిగిన గాజు. టప్ — ఆరేసిన దుప్పటి. నేను వెతకలేదు. అవే పడ్డాయి.

"ప్లంబర్‌కి ఫోన్ చేశారా?" రోజూ అడుగుతుంది మా ఆవిడ.

"ఎత్తట్లేదు."

చేస్తే కదా, ఎత్తడానికి.

ఇవాళ పొద్దున తొమ్మిదిన్నర. స్నానాలగది గడియ పెట్టుకుని, బకెట్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. టప్... ఏదో వస్తోంది. తెల్లగా... చల్లగా... నాలిక చివరి దాకా —

తలుపు దబదబ.

"బయటికి రండి. ప్లంబర్ వచ్చాడు."

"ఎవరు పిలిచారు?"

"నేనే. మీకు ఎత్తట్లేదన్నారుగా. నాకు మొదటి రింగుకే ఎత్తాడు, పాపం."

"పావుగంట ఆగమను."

"పావుగంటలో దానంతటదే బాగవుతుందా? పైన ట్యాంకు దగ్గర నీళ్లు కూడా కట్టేశాను."

వెనకనుంచి ఇంకో గొంతు. "వాషర్ అరిగుంటుంది సార్. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాల పని.

అయ్యా, అమ్మా, ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా సరే — మీకు ఇలాంటివి ఎక్కడ తడతాయి? గడియ తియ్యమంటారా, వద్దంటారా? కాస్త తొందరగా చెప్పండి. బయట స్పానర్ చప్పుడవుతోంది.

కుళాయి అంచున ఒక్క చుక్క. ఆఖరిది. వేలాడుతోంది...

ఇంకా పడలేదు.