చక్రవర్తికి మిగిలిన కొడుకు

చెడ్డవాడి చేతిలో నష్టపోయినవాడు కనీసం నలుగురికీ చెప్పుకోగలడు. మంచివాడి చేతిలో నష్టపోతే ఆ ఆసరా కూడా ఉండదు, ఎవరూ నమ్మరు. తేజేశ్వర్‌కి జరిగింది అదే. ఆ మంచివాడు నా భాగస్వామి పద్మనాభం.

పిస్కాటవేలో మాకు గోడౌన్ ఉంది. మన దేశం నుంచి బియ్యం, పప్పులు, పచ్చళ్ళు కంటైనర్లలో తెప్పించి ఇక్కడ చుట్టుపక్కల దుకాణాలకు వేస్తాం. వ్యాపారంలో సగం నాది, సగం పద్మనాభానిది. సరుకు, కాగితాలు నేను చూసుకునేవాణ్ణి. మనుషుల్ని ఆయన చూసుకునేవాడు. ఆయన మంచితనం మా ఇద్దరికీ పనికొచ్చేది కాబట్టి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు.

గుండెకు ఆపరేషన్ అయ్యాక ఆయన రోమ్‌ని ఏలిన మార్కస్ ఆరీలియస్‌ని పట్టుకున్నాడు. కంచు గుర్రం మీద కూర్చున్న ఆ చక్రవర్తి ఫొటో ఆఫీసులో వేంకటేశ్వరస్వామి పటం పక్కకి చేరింది. ఆ చక్రవర్తి యుద్ధశిబిరంలో కూర్చుని తనకు తానే బుద్ధులు చెప్పుకుంటూ రాసుకున్నాడట. పద్మనాభం కూడా పొద్దున్నే ఒక నోట్‌బుక్ తీసేవాడు. ఏం రాశాడో ఎవరికీ చూపించేవాడు కాదు. రాసిన తర్వాత మాత్రం ఆయన మొహం తోమిన గిన్నెలా ఉండేది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన ఎక్కువగా చెప్పే కథ ఒకటుంది. మార్కస్‌కి ముందున్న చక్రవర్తులకు కొడుకులు లేరు, పుట్టినా దక్కలేదు. అందుకని ఒకరి తర్వాత ఒకరు సమర్థుణ్ణి వెతికి, దత్తత తీసుకుని, రాజ్యం అప్పగించారు. మార్కస్ కూడా అలా వచ్చినవాడే. ఎనభై ఏళ్ళపాటు రోమ్ అలాగే నడిచింది. ఆ కథ చెప్పినంతసేపూ ఆయన తేజేశ్వర్ వైపే చూసేవాడు.

తేజేశ్వర్ ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చేసి మా దగ్గర చేరాడు. పన్నెండేళ్ళు పనిచేశాడు. బియ్యం గింజ కొరికి ఏ పంటదో, ఎంత తేమ ఉందో చెప్పగలడు. ఏ దుకాణంవాడు మాట నిలబెట్టుకుంటాడో, ఎవడు సరుకు దించుకున్నాక ఫోనెత్తడో అతనికి తెలుసు. నాకు తెలిసినదంతా అతనికి తెలుసు. ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఏటా దసరాకి గోడౌన్‌లో ఆయుధపూజ చేస్తాం. ఫోర్క్‌లిఫ్ట్ చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం, ట్రక్కులకి పసుపు కుంకుమ పూస్తాం. ఆ పూజకి పద్మనాభం తేజేశ్వర్‌నీ భార్య మనీషానీ పీటల మీద కూర్చోబెట్టేవాడు. సంకల్పంలో పంతులుగారు గోత్రం అడిగితే, తేజేశ్వర్ నోరు తెరిచేలోపే, "మా గోత్రమే చెప్పండి, వాడు మావాడే" అనేవాడు. అలా ఆరేళ్ళు జరిగింది. దత్తత వెళ్ళినవాడికే గోత్రం మారుతుందని మా గోడౌన్‌లో తెలియనివాళ్ళు లేరు. దుకాణాలవాళ్ళు అతన్ని చిన్న యజమాని అనసాగారు.

అతనూ నమ్మాడు. రెండు మంచి ఉద్యోగాలు వస్తే వదులుకున్నాడు. గ్రీన్ కార్డ్ కాగితాలు ఎప్పుడో మొదలుపెట్టాల్సింది. ఇంటివాడికి తొందరేమిటని పద్మనాభం అంటే, మొహమాటపడి మళ్ళీ అడగలేదు. గోత్రం ఇచ్చిన మనిషిని కాగితం అడగడం తప్పనిపించి ఉంటుంది. సంకల్పంలో చదివిన పేరు ఏ ఆఫీసులోనూ చెల్లదని నేను ఒక్కమాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. మంచి సరుకు చవగ్గా దొరుకుతుంటే ఎందుకు దొరుకుతోందని ఏ వ్యాపారీ అడగడు.

పద్మనాభానికి ఒక్కడే కొడుకు, ఆరుష్. రెండు కాలేజీలు మధ్యలో వదిలేసి, కాలిఫోర్నియాలో ఏదో కంపెనీ పెట్టి, దాన్నీ వదిలేసి ఇరవై ఏడో ఏట ఇంటికొచ్చాడు. ఆ దసరాకి పీట మీద వాడు కూర్చున్నాడు. అదే గోత్రం, పేరు మారింది. కొబ్బరికాయల పళ్ళెం పట్టుకోమని తేజేశ్వర్‌కి చెప్పారు. పూజ అయ్యేదాకా పట్టుకునే నిలబడ్డాడు. పక్కన మనీషా పళ్ళెం వైపే చూస్తూ ఉంది.

ఆ సాయంత్రం పద్మనాభం నాతో, "ఉన్నవాడు ఒక్కడే కదా, జగదీష్" అన్నాడు. మరి మీ చక్రవర్తి ఏంచేశాడని అడిగాను. ఆయన ప్రసాదం పొట్లం తీసుకుని ఇంటికి బయల్దేరాడు. ఇంటికెళ్ళి నేనే వెతికి చదివాను. మార్కస్‌కి డజను మందికి పైగా పిల్లలు పుట్టారు, చాలామంది చిన్నప్పుడే పోయారు. కొడుకుల్లో పెద్దవాడయ్యేదాకా మిగిలింది ఒక్కడే. వాడికి సరిగ్గా మీసం రాకముందే చక్రవర్తి బిరుదు ఇచ్చేశాడు. తండ్రి పోయాక వాడు రాజ్యం పక్కన పెట్టి, జనం చూస్తుండగా గోదాలోకి దిగి జంతువుల్ని చంపుతూ గడిపాడు. చివరికి వాణ్ణి ఒక మల్లుడు గొంతు పిసికి చంపాడు. పద్మనాభం ఈ భాగం మాకెప్పుడూ చెప్పలేదు. బస్తా పైన మంచి గింజలు పోసి అమ్మేవాళ్ళని నేను చాలామందిని చూశాను.

ఇక తేజేశ్వర్ సంగతి. అతని గ్రీన్ కార్డ్‌కి చివరి దరఖాస్తు ఆలస్యంగానైనా పడింది. అది పడ్డాక నూట ఎనభై రోజులు దాటితే, ఉద్యోగం మారినా కార్డుకి ఢోకా ఉండదు. ఆ లోపల కంపెనీ మా ఉద్యోగం లేదంటే పన్నెండేళ్ళూ గాలికి పోతాయి. దసరా వెళ్ళిన పక్షానికి నూట ఇరవయ్యో రోజు.

ఆ రోజు కందిపప్పు కంటైనర్ వచ్చింది. తండ్రి గోడౌన్ పెత్తనం అప్పగించాక ఆరుష్ ఫోన్‌లో బేరమాడి ఒప్పుకున్న సరుకు. తేజేశ్వర్ నాలుగు బస్తాల్లో గొట్టం గుచ్చి గింజలు తీసి చూసి, వెనక్కి పంపమన్నాడు. ఆరుష్ లోడర్లందరి ముందూ వచ్చి నిలబడ్డాడు.

"ఐ యామ్ ద బాస్ హియర్, ఓకే? నువ్వు వర్కర్."

"వర్కర్‌నే ఆరుష్. పప్పులో పురుగుంది."

"అయితే తీయ్. వన్ బై వన్."

అందరూ నవ్వబోయి ఆగారు. ఆరుష్ ఒక బస్తా కోసి, సరుకు దించే డాక్ నేల మీద కుమ్మరించాడు. తేజేశ్వర్ ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను చేతిలో కాగితం చదువుకుంటున్నాను. నలభై ఏళ్ళ మనిషి సిమెంటు మీద చతికిలబడి, పురుగులు ఒక్కొక్కటే తీసి కాగితం కప్పులో వేశాడు. నలభై నిమిషాలు. ఆరుష్ ఫోన్‌లో వీడియో తీస్తూ ఒక్కో పురుగుకీ నెంబరు గట్టిగా చెప్పాడు. యాభై దాటాక వాడికే విసుగొచ్చి లోపలికి పోయాడు. తేజేశ్వర్ ఎందుకు ఓర్చుకున్నాడో నాకు తెలుసు. ఇంకా అరవై రోజులు కావాలి.

అయినా మర్నాడు ఆరుష్ అతన్ని తీసేశాడు.

తేజేశ్వర్ నేరుగా పద్మనాభం గదికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. అతను కూర్చోలేదు.

"అంకుల్, నాకు వాటా వద్దు, సీటూ వద్దు. ఫిఫ్టీనైన్ డేస్ పేరోల్‌లో ఉంచండి చాలు. గోడౌన్‌లోకి కూడా రాను. తర్వాత నేనే రిజైన్ చేస్తా."

పద్మనాభం నోట్‌బుక్ మూసి, కళ్ళజోడు తీసి దాని మీద పెట్టాడు.

"మన చేతిలో లేనిదాని గురించి మనసు పాడుచేసుకోకూడదు తేజా. నిలకడగా ఉండాలి."

"నా చేతిలో లేదంకుల్. మీ చేతిలో ఉంది."

పద్మనాభం కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ చెమ్మ నిజమైనదే, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. పిల్లవాడు మొదటిసారి తీసుకున్న నిర్ణయం కాదంటే వాడి ధైర్యం పోతుందని నసిగాడు. చివరికి కాగితాల సంగతి జగదీష్ చూస్తాడని బరువు నా మీదికి నెట్టాడు.

అది నిజమే. ఇమిగ్రేషన్ కాగితాల మీద సంతకం నాది. ఆరుష్‌కి ఆ ఫారాల పేర్లు కూడా తెలియవు. ఉద్యోగం ఉపసంహరించామని నేను రాస్తేనే ఇమిగ్రేషన్ ఆఫీసుకి త్వరగా తెలిసేది. రెండు నెలలు ఊరుకుంటే చాలు, అతను ఒడ్డున పడేవాడు.

ఆ పూట కూర్చుని మనుషుల్ని తూచాను. కార్డు చేతికొస్తే తేజేశ్వర్ మా ఎదురుగానే ఇంకో గోడౌన్ తెరుస్తాడు. సగం దుకాణాలు అతని వెంట పోతాయి. పోనీ నా కింద పెట్టుకుందామంటే, వారసుడనిపించుకున్నవాడు నౌకరుగా ఇమడడు. ఆరుష్ ఎలాగూ ఏడాదిలో చేతులెత్తేస్తాడు, అప్పుడు పద్మనాభం సగం నాకే వస్తుంది. మూడు గంటలకి లెటర్ మీద సంతకం పెట్టి పంపాను. ఆ లెక్క తప్పలేదు. పదకొండు నెలలకే ఆ సగం నా చేతికొచ్చింది.

ఉద్యోగం పోయిన అరవై రోజుల్లోగా ఇంకో కంపెనీ వీసా వేస్తే తేజేశ్వర్ ఈ దేశంలో ఉండిపోవచ్చు. ఈ దేశంలోనే ట్రాయ్ అనే ఊళ్ళో ఇదే వ్యాపారం చేసే ఆంజనేయప్రసాద్ నాకు ఫోన్ చేసి, తేజేశ్వర్ ఎలాంటివాడని అడిగాడు. అబద్ధం చెప్పడం నాకిష్టం ఉండదు. "అంత పనిమంతుడు దొరకడండీ. మా దగ్గర యజమాని అవుతాడనే అనుకున్నారందరూ" అన్నాను. యజమాని కావాలనుకున్నవాణ్ణి ఏ యజమానీ పనిలో పెట్టుకోడు. థాంక్సండీ అని పెట్టేశాడు. ఆ ఉద్యోగం అతనికి రాలేదు.

యాభై ఏడో రోజున మనీషా గోడౌన్ తాళంచెవులు ఇవ్వడానికి వచ్చింది. కారులో వెనకసీట్లో వాళ్ళమ్మాయి అనిక చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. ఆమెకి ఈ దేశం పాస్‌పోర్ట్ ఉంది, తల్లిదండ్రులకి మాత్రం ఉండే దారి లేదు. ఎల్లుండి ఫ్లైటని మనీషా చెప్పింది. తేజేశ్వర్ రాలేదేమని అడిగాను. సామాన్లు ప్యాక్ చేస్తున్నారంది. తాళంచెవులు టేబుల్ మీద పెట్టి కూడా కదల్లేదు.

"లాయర్ దగ్గర లెటర్ కాపీ చూశాం అంకుల్. సైన్ మీది."

నేను తాళంచెవులు నా వైపు లాక్కున్నాను.

"ఆయన నమ్మట్లేదు. ఆరుష్ ఫోర్జ్ చేశాడంటున్నారు. జగదీష్ అంకుల్ చెయ్యరు, పన్నెండేళ్ళు చూశానంటున్నారు."

"అలాగే అనుకోనివ్వమ్మా."

ఆమె నన్ను తేరిపార చూసింది. మా గోడౌన్‌కి వచ్చిన మనుషుల్లో సరుకు తెలిసినది ఆమె ఒక్కతేనని అప్పుడర్థమైంది.

"అనుకోనిస్తాలెండి. ఆయనకి నిద్ర పట్టాలి కదా" అని వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చాను. తాళంచెవులు చూసుకున్నాను, ఆరూ ఉన్నాయి. అయినా మర్నాడు మనిషిని పిలిపించి తాళాలన్నీ మార్పించాను.