సంచుల కాడ

"నువ్వు జర సంచుల కాడ కూసో. పైలం."

మాది వనపర్తి. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకు ఇంటిల్లిపాదీ కలిసి హైదరాబాదు చూడ్డానికి రావడం ఇదే మొదటిసారి. బస్సు దిగి ఒక పూట కూడా కాలేదు, నా మొగుడు సతీష్ అప్పుడే ఈ మాట మూడుసార్లు అన్నాడు. కసురుకుంటూ అనడు. స్టవ్ కట్టెయ్ అన్నంత మామూలుగా అంటాడు. మనిషి మంచివాడే, తాగడు, చెయ్యెత్తడు. ఈ రెండూ లేవని మా అత్త పుష్పమ్మ వారానికోసారన్నా నాకు గుర్తు చేస్తుంది. "నా కొడుకు బంగారం. ఊకె దొరుకుతడా గసుంటోడు?" అంటుంది. బంగారమే, కాదన్నదెవరు? బంగారం దగ్గర ఎవరో ఒకరు కావలి ఉండాలి, అది నేనన్నమాట.

సంచులు మూడు. ఒకదాంట్లో అందరి బట్టలు. ఒకదాంట్లో నీళ్ళ సీసాలు, దుప్పటి, అత్త మందులు. మూడోది సద్ది సంచి. కోడి కూయకముందే లేచి కొట్టిన జొన్నరొట్టెలు, పల్లికారం, డబ్బా నిండా పులిహోర. లాడ్జి సాయంత్రం తీసుకుందామన్నాడు సతీష్. అంతదాకా సంచులు మాతోనే తిరగాలి. మాతో అంటే నాతో.

గోల్కొండలో మా అత్త మోకాళ్ళు పట్టుకునైనా పైకెక్కుతానంది. పిల్లలిద్దరూ, పదకొండేళ్ళ రోజా, ఎనిమిదేళ్ళ విజయ్, అప్పటికే ముందుకు ఉరికారు. నేను ద్వారం పక్కన రాతి అరుగు మీద సంచుల మధ్య సర్దుకున్నాను.

కూర్చోవడం నాకేమన్నా కొత్తా! మా అమ్మ నర్సమ్మ, నాయిన మద్దిలేటి రాజోలి పక్క ఊరి నుంచి బొంబాయికీ పూనాకూ మేస్త్రి వెంట కూలికి పోయేవాళ్ళు. గుంపు ఎక్కడ దిగినా మూటల మీద ఒక పిల్లను కూర్చోబెట్టి పోవడం మావాళ్ళ పద్ధతి. పెద్దవాళ్ళు పని వెతుక్కోవాలి, మగపిల్లలు ఒకచోట కుదురుగా ఉండరు, ఆడపిల్ల అయితే కదలదు. మా గుంపులో ఆ ఆడపిల్లను నేను. "ఒక మూట కింద ఏస్కో, ఒకటి ఈపుకు ఆన్చుకో, ఇంకోదాని ముడి చేతికి సుట్టుకో. నిద్రొచ్చినా ఎవ్వడు గుంజలేడు" అని అమ్మ నేర్పింది. బొంబాయిలో సముద్రం దగ్గర్లోనే ఉందన్నారు. ఉప్పు వాసన వచ్చింది, గాలి వచ్చింది, తడి చెప్పులతో జనం వచ్చారు. సముద్రం మాత్రం నా దాకా రాలేదు. ఇప్పుడు స్కూల్లో ఆయమ్మ పని చేస్తున్నా అదే కథ. పోయిన వార్షికోత్సవం నాడు మేడం "జములమ్మా, నువ్వు చెప్పుల దగ్గర ఉండు, పోతాయి" అంది. మా రోజా డాన్సు నేను పాటగా విన్నాను.

అయితే ఇన్నేళ్ళ కావలిలో నాకొక విద్య పట్టుబడింది. లోపలికి పోయేవాళ్ళ ముఖం చూస్తాను, బయటికి వచ్చేవాళ్ళ ముఖం చూస్తాను, మధ్యలో ఏముందో నేనే కట్టుకుంటాను. ఆ రోజు గోల్కొండను కూడా అట్లాగే కట్టాను. రాణి ఒకామె పైన గాలికి జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఆమె చెప్పులకు కావలి ఎవరూ లేరు. మెట్టు మెట్టుకూ మబ్బు కిందికి దిగి వస్తోంది. నేను పైకి పోతున్నాను, చేతులు ఊపుకుంటూ, ఒట్టి చేతులతో. ఒట్టి చేతులు ఎంత తేలికో! ఆ తేలిక ఒక్కటే నాకు బాగా గుర్తుండిపోయింది.

అంతలో గైడు ఒకతను ద్వారం కింద నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇక్కడ కొడితే అక్కడ కొండ మీద వినపడుతుందని చెప్పి, తన మందను తోలుకుని పోయాడు. చుట్టూ ఎవరూ లేరు. నేను సంచి ముడి చేతికి చుట్టుకునే లేచి, ఆ కప్పు కింద నిలబడి ఒక్కసారి గట్టిగా కొట్టాను. సిగ్గేసింది. మళ్ళీ కొట్టాను.

గంటన్నర తర్వాత దిగొచ్చిన విజయ్ "అమ్మా, పైనకు చప్పట్లు ఇనొచ్చినయ్ తెల్సా!" అని ఎగిరాడు.

"నేనే కొట్టిన రా."

"ఊకో అమ్మా!" అన్నాడు. వాడికి నమ్మకం కుదరలేదు. నా చప్పట్లు పైదాకా పోయొచ్చాయని నాకు మాత్రం లోపల భలే సంబరంగా ఉంది.

మధ్యాహ్నం చార్మినార్ దగ్గర ఒక హోటల్లో బిర్యానీకి కూర్చున్నాం. ఆరు కుర్చీల బల్ల. ఒక కుర్చీ మీద రెండు సంచులు పెట్టాడు సతీష్, మూడోది నా ఒళ్ళో. సర్వర్ వచ్చి ఎన్ని అని అడిగితే "నాలుగు" అన్నాడు, తల కూడా ఎత్తకుండా. మేం ఐదుగురం. సర్వర్ నా వంక చూశాడు, నేను బల్ల వంక చూశాను.

"పిల్లలు యాడ తింటరే అంత? మిగిలింది నువ్వు తినొచ్చు, ఊకె పారేసుడెందుకు" అంది అత్త. ఇంట్లో అలవాటే కదా. పెనం మీది వేడి రొట్టె ఎవరిదో ఒకరిది, చివరి చల్లారిన రొట్టె నాది. బిర్యానీ వచ్చింది. పొగలు. నేను లేచి నలుగురికీ వడ్డించాను, ముక్కలు చూసి చూసి వేశాను. వాళ్ళు తిన్నారు. విజయ్ వదిలిన అన్నం నేను తిన్నాను. తిన్నాక నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ప్లేట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎముకలు ఒక పక్కకు ఊడ్చి, నా కొంగుతో బల్ల తుడవడం మొదలుపెట్టాను. పేర్చిన ప్లేట్లు ఎత్తుకుని కుళాయి ఎక్కడుందా అని చూస్తున్నాను కూడా.

సర్వర్ పరుగెత్తుకొచ్చాడు. పెద్దాయన, తెల్ల గడ్డం. "అరె అమ్మా, ఛోడో! మీరు కూసోండి. మీరు గిరాకీ!" అన్నాడు.

సతీష్ ముఖం నల్లబడింది. "ఇజ్జత్ తీసినవ్ గదనే" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. పక్క బల్ల వాళ్ళు నవ్వారు. అత్త నవ్వింది. రోజా నవ్వలేదు. అది తన ప్లేటును మెల్లగా నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది.

మర్నాడు లాడ్జి ఖాళీ చేసి మ్యూజియానికి పోయాం. ఇది నేనడిగింది. నేను అడిగిన ఒకే ఒకటి. చిన్నప్పుడు నాయిన ఒక ఎండాకాలం హైదరాబాదులో మట్టి పనికి వచ్చి, ఆదివారం నాడు సాలార్‌జంగ్ మ్యూజియం చూశాడు. పూనా స్టేషన్‌లో నేను మూటల మీద ఏడుస్తుంటే ఎన్నిసార్లు చెప్పాడో. "ఆడొక పెద్ద గడియారం ఉన్నది బిడ్డా. గంటకొకపారి ఇంతంత మనిషి తలుపు తీస్కొని వస్తడు. గంట కొడ్తడు. మల్ల లోపలికి పోతడు. ఆయన పని ఆయన చేస్తుంటె మంది మంది కూసొని సూస్తరు! మన పని ఎవడన్నా గట్ల సూసిండా?" అని నవ్వేవాడు. "నిన్ను తీస్కపోత బిడ్డా ఒకపారి" అనేవాడు. తీసుకుపోకుండానే పోయాడు నాయిన. ఆ చిన్న మనిషి మాత్రం నా లోపల ఇన్నేళ్ళూ తలుపు తీసుకుని వస్తూ పోతూ ఉన్నాడు. అంట్లు తోమేటప్పుడు వస్తాడు, స్కూల్లో బాత్రూములు కడిగేటప్పుడు వస్తాడు. నా దగ్గరికి రాగానే గంట కొట్టి, నావంక చూసి, పోతాడు.

గేటు దాటాక సతీష్ నాలుగు టికెట్లు తెచ్చాడు. పదకొండున్నర అయింది. పన్నెండుకు పన్నెండు దెబ్బలు కొడతాడు, అది చూడాలని జనం అప్పుడే పోతున్నారు.

"నువ్వు జర సంచుల కాడ..."

"నేను గూడ చూస్త" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. సతీష్ నన్ను చూశాడు, సంచులను చూశాడు. నిజంగానే ఏం చెయ్యాలో తెలియనట్టు తల గోక్కున్నాడు. "మరి సంచులు?" అన్నాడు.

"దానికేముంది?" అంది అత్త. "రోజా కూసుంటది. ఆడపిల్ల, బుద్ధిగ ఉంటది. పిల్లగాడైతె ఉర్కుతడు. ఏం బిడ్డా, కూసుంటవు గద?"

రోజా ఒక్క క్షణం లోపలి వైపు చూసింది. "సరె నాయినమ్మా" అంది.

"అయిపాయె! దా పోదాం" అన్నాడు సతీష్, చిక్కు విడిపోయిన సంతోషంతో. విజయ్ చెయ్యి పట్టుకుని ముందు నడిచాడు. వెనక అత్త. వాళ్ళ వెనక నేను, రోజాకని తెచ్చిన టికెట్ తప్ప ఒట్టి చేతులు. ఆ తేలిక నిజంగానే వచ్చింది. పది అడుగులు వేశానో లేదో, ఎందుకో వెనక్కి తిరిగాను.

రోజా గోడ పక్కన కూర్చుని ఉంది. బట్టల సంచి కింద వేసుకుంది. దుప్పటి సంచి వీపుకు ఆన్చుకుంది. సద్ది సంచి పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. దాని కళ్ళు పోయేవాళ్ళ కాళ్ళ మీద ఉన్నాయి.

అమ్మా! అట్లా కూర్చోవాలని దానికి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఒట్టు, ఒక్క మాట చెప్పలేదు. పదకొండేళ్ళు నన్ను చూసింది, చాలదూ? నేను చూడడమంటే, నా బిడ్డ నా జాగాలో కూర్చోవడమా? నేను గడియారం ముందుకు పోతే, ఇరవయ్యేళ్ళ తర్వాత ఇది ఏ కోట కింద కూర్చుని ఒంటరిగా చప్పట్లు కొట్టుకుంటుంది?

వెనక్కి వచ్చాను. దాని చేతికి ఉన్న పట్టీ విప్పాను. చర్మం మీద రెండు ఎర్రటి గీతలు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆమెను అడిగాను. "అక్కా, సంచులు పెట్టుకునే జాగ ఏమన్నా ఉంటదా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "గదే గదమ్మా, నీ ఎనకాలనే! అందరు ఆడనే పెడ్తున్రు, కనిపిస్తలేదా?"

తిరిగి చూస్తే నిజమే. కిటికీ, వరస, లోపల అరలు. సతీష్‌కు తెలియదని అనను, అతను అడగలేదంతే. నేనుండగా ఇంకో గది ఎందుకు? మూడు సంచులూ కిటికీలోంచి తోశాను. ఒక టోకెన్ చేతిలో పెట్టారు. అంతే. నా ముప్పయ్యేళ్ళ కొలువు అంత చిన్నది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రోజాకు కూడా టికెట్ తీసుకుని, దాని చెయ్యి పట్టుకుని ఉరికాను.

గడియారం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. తల్లీబిడ్డలం సందు చేసుకుని ఒక బల్ల చివర కూర్చున్నాం. అందరూ గుసగుసలు ఆపేశారు. ఎదురు వరసలో సతీష్ నన్ను చూశాడు. తర్వాత రోజాను చూశాడు. కళ్ళు ఇంతింత చేసుకుని, నోరు పెద్దగా తెరిచి, చప్పుడు రాకుండా అడిగాడు. "సంచులు?" రెండు చేతులతో గాలిలో సంచి ఆకారం కూడా చేసి చూపించాడు. ఎవరో "శ్శ్" అన్నారు.

నేను అతని వంక చూడడం మానేసి తలుపు వంక చూశాను.

వచ్చాడు. నాయిన చెప్పినట్టే, ఇంతంత మనిషి. తన పని మీద తను. ఒకటి, రెండు, మూడు. రోజా నా వేలు పట్టుకుని దెబ్బ దెబ్బకూ నొక్కుతోంది. ఏడు, ఎనిమిది. ఇంత మంది ఊపిరి బిగబట్టి ఒక పనివాడి పని చూస్తున్నారు. నాకు నాయిన నవ్వు వినిపించింది, పూనా స్టేషన్ వినిపించింది, ఎన్నడూ చూడని సముద్రం కూడా వినిపించింది. పన్నెండు. తలుపు తీసుకుని లోపలికి పోయాడు. చాలామంది చప్పట్లు కొట్టారు, అందరికంటే గట్టిగా నేనే కొట్టాను.

జనం పల్చబడగానే సతీష్ వచ్చి మీద పడ్డాడు. వెనకే అత్త.

"సంచుల కాడ ఎవరున్నరే?"

"ఎవ్వరు లేరు."

"ఓ యమ్మ! ఎవ్వరు లేకుంటెట్ల? సద్ది అండ్లనే గద ఉన్నది! పిలగానికి ఆకలైతుంది" అంది అత్త.

నేను సతీష్ చెయ్యి పట్టుకుని తెరిచి, అందులో టోకెన్ పెట్టి మూశాను.

"గేటు పక్కన కిటికీల ఇస్తరు, తెచ్చుకోపో. మీరు తింటుండుండ్రి. ఒంటిగంటకు మల్ల వస్తడంట, నేను, రోజా సూసి వస్తం. అందాక నువ్వు జర సంచుల కాడ కూసో. పైలం."