విభక్తుల జోల

పసిపిల్ల పిచ్చుకకు ఆ జోల ఎలా అలవాటైందో చెబితే విన్నవాళ్ళకు నవ్వొస్తుంది. పిచ్చుక వాళ్ళమ్మ మాత్రం ఆ విషయానికి నవ్వడం ఎప్పుడో మానేసింది.

ఆమె పనిచేసేది ఊరి చివర మొక్కల తోటలో, కుండీల షెడ్డులో. ఎక్కడెక్కడి మొక్కలనో తెచ్చి పెంచే పెద్ద తోట అది. పొద్దస్తమానం మట్టి జల్లెడపట్టడం, కుండీలు నింపడం, వేలెడు మొలకలను వేరు తెగకుండా పెకలించి మార్చి నాటడం. సీజను అయిపోగానే షెడ్డుకు తాళం పడుతుంది, పనివాళ్ళంతా ఎవరిళ్ళకు వాళ్ళు పోవలసిందే. షెడ్డును ఆనుకునే విత్తనాల గది ఉంది. నేల నుంచి కప్పు దాకా సొరుగులు. అక్కడ పని ఏడాది పొడుగునా ఉంటుంది, పైగా పొద్దు వాలకముందే ఇంటికి పంపేస్తారు. ఆ గదికి ఇద్దరు కావాలన్నారు. కానీ సొరుగుల మీది పాతకాలపు చీటీలన్నీ లాటిన్‌లో ఉన్నాయి. ఆకు ఎలా ఉంటుంది, పండు ఏ రంగు, అంతా ఆ భాషలోనే. చీటీ తప్పు చదివితే ఒక సొరుగులోని గింజ ఇంకో కుండీలోకి పోతుంది, ఆ సంగతి అది పూసినప్పుడు గానీ బయటపడదు. అందుకని లాటిన్ మొదటి పాఠాలు నేర్చుకుని పరీక్ష గట్టెక్కినవాళ్ళకే ఆ పని.

పిచ్చుకకు ఏడాది కూడా నిండలేదు. షెడ్డు నుంచి ఇల్లు చేరేసరికి వాళ్ళమ్మకు చీకటి పడేది. దారి పొడుగునా ఒకటే బెంగ. పాలు కక్కిందేమో, మంచం మీంచి దొర్లిందేమో, ఏ బొత్తామో గింజో మింగిందేమో. ఇంట్లోకి వస్తూనే చెప్పులు విప్పకుండా వెళ్ళి, పిల్ల ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి చూసుకునేది.

"బతికే ఉందిలే, నేనేం నమిలి మింగలేదు," అనేది అత్తయ్య. ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేస్తూ పిల్లను చూసుకునేది ఆవిడే.

ఆ గదిలో పని దొరికితే పిల్ల మెలకువగా ఉండగానే ఇంటికి రావచ్చు. ఆమెకు కావలసింది అంతే.

ఆమె చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. కన్నతల్లి మంచం పట్టింది, చిన్నవాళ్ళకు వండిపెట్టేవాళ్ళు లేకపోయారు, పుస్తకాల సంచి అటక ఎక్కింది. బడిలో నేర్చుకున్నదంతా చెదలు పట్టిపోయినా, 'డు, ము, వు, లు ప్రథమా విభక్తి' మాత్రం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలదు. అందుకే లాటిన్ పాఠాల మొదటి రోజు లేబుళ్ళ మాస్టారు బోర్డు మీద రాసి, ఇవి కూడా విభక్తులేనమ్మా, మాట తోక మారితే అర్థం మారుతుంది, అంతే అన్నప్పుడు ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది. ఆయన ఒకప్పుడు తోటలో లేబుళ్ళు రాసినాయన. మధ్యాహ్నం అన్నాలవేళ షెడ్డులోనే ట్రేలు బోర్లించి అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు.

హెర్బా అంటే మొక్క. హెర్బా, హెర్బై, హెర్బై, హెర్బమ్, హెర్బా. ఒకటి కంటే ఎక్కువుంటే హెర్బై, హెర్బారుమ్, హెర్బీస్, హెర్బాస్, హెర్బీస్. చదువుకోవడానికి ఆమెకు విడిగా తీరిక ఎక్కడిది? రాత్రి లేచి ఏడ్చే పిచ్చుకను చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఊపుతూ, చిన్నప్పుడు ఎక్కాలు చదివినట్టు రాగం తీస్తూ చదివింది. రెండో వరస పూర్తికాకముందే పిల్ల కళ్ళు మూతపడేవి. వారం తిరిగేసరికి మామూలు జోలపాటకు పిచ్చుక మొహం తిప్పేసుకోవడం మొదలుపెట్టింది. దానికి హెర్బా కావాలి. అదీ మొదట్నుంచి చివరిదాకా, ఒక్క ముక్క తప్పకుండా.

చిక్కు షెడ్డులో బయటపడింది. మాస్టారు అందరినీ వరసగా కాకుండా ఎక్కడ పడితే అక్కడ అడిగేవాడు. 'మొక్కలతో' అని ఎలా అంటావు? పొడుగమ్మాయి ఠక్కున చెప్పేది. నిన్నగాక మొన్న పనిలో చేరిన పిల్ల అది, మెడ వంచితే తప్ప షెడ్డు గుమ్మం దాటలేదు. పిచ్చుక వాళ్ళమ్మ మాత్రం హెర్బా దగ్గర ఎత్తుకుని, పెదాలు కదుపుతూ, మోకాలు ఊపుతూ పైనుంచి కిందికి దిగిరావాలి. ఆమె హెర్బీస్ దగ్గరకు వచ్చేసరికి మాస్టారు ఇంకెవరినో అడిగేసేవాడు.

"అక్కా, నీ రైలు మధ్య స్టేషన్లలో ఎవర్నీ ఎక్కించుకోదా?" అంది పొడుగమ్మాయి.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, పళ్ళు బిగించుకుని. దానికి తోడు కొత్త పాఠంలో ఆకు అన్న మాట తోక మారితే దాని పక్కనున్న తెలుపు అన్న మాట కూడా తోక మార్చుకోవాలన్నారు. ఆకుకు జ్వరమొస్తే తెలుపుకు మందెందుకో ఆమెకు అర్థం కాలేదు. అడిగితే మాస్టారు, అది దాని చుట్టం, కూడా వెళ్ళాల్సిందే అన్నాడు. అంతటితో సరిపెట్టుకోవలసి వచ్చింది.

పరీక్షలో ఆమె రాసినవాటిలో ఒక్కటీ తప్పు లేదు. సగం కాగితం మాత్రం తెల్లగా మిగిలిపోయింది. ప్రతి ప్రశ్నకూ మొదటి మెట్టు నుంచి దిగివస్తే సమయం ఎంతకని సరిపోతుంది? ఒక పని పొడుగమ్మాయికి ఇచ్చారు. రెండోది అలాగే ఉంచి, సీజను ముగిసేలోపు ఇంకోసారి పరీక్ష పెడతానన్నాడు మాస్టారు.

"నీకు పాట వచ్చమ్మా, భాష రాలేదు," అన్నాడు. "సొరుగు ముందు నిలబడి పాడుకుంటూ ఉంటే గింజలు అక్కడే మొలకెత్తుతాయి. ముందు ఆ వరస మర్చిపో."

ఇల్లు చేరేదాకా ఆమె సణుక్కుంటూనే ఉంది. రాత్రనక పగలనక నూరిపోసుకున్నదాన్ని మర్చిపొమ్మంటే ఎలా మర్చిపోతారు?

భర్త సరుకుల వ్యాను నడుపుతాడు. ఆ పూట తొందరగానే వచ్చాడు. మొలకల కుండీల్లో గుచ్చే ప్లాస్టిక్ పట్టీలు ఆమె కొన్ని తెచ్చుకుంది. వాటికి ఒకవైపు లాటిన్ మాట, రెండోవైపు దాని తెలుగు రాసి, పేకముక్కల్లా కలిపి, ఒక్కోటి తీసి అడగమంది. ఆమె కాళ్ళ మీద, నిద్రలోంచి లేచిన పిచ్చుక. ఆయన పట్టీ చూసి 'మొక్కల యొక్క' అన్నాడు. ఆమె గట్టిగా కళ్ళు మూసుకుని హెర్బారుమ్ అంది. పిచ్చుక తల ఎత్తి చూసింది. 'మొక్కను' అన్నాడు. హెర్బమ్ అంది. పిచ్చుక మొహం ముడుచుకుంది. మూడో పట్టీ తీసేసరికి ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. జోల తలకిందులైతే దానికి ఎక్కడలేని కోపం.

"దీనికి వరస వచ్చేసింది," అన్నాడు ఆయన. "పరీక్షకు దీన్ని పంపిద్దాం, నువ్వు ఇక్కడ పడుకో."

ఆమె ఆయన చేతిలోని పట్టీలన్నీ లాక్కుని గోడకేసి కొట్టింది.

"మీకు పరాచికంగా ఉంది. సీజనైపోతే నన్ను ఇంట్లో కూర్చోబెట్టి మీరొక్కరే లాగుతారా ఇల్లు? పాడితే పరీక్ష పోతుంది, పాడకపోతే పిల్లకు నిద్ర ఉండదు. ఏం చెయ్యమంటారు, చెప్పండి."

ఆయన నేల మీది పట్టీలు ఏరసాగాడు. ఇస్త్రీ బల్ల దగ్గరున్న అత్తయ్య పెట్టె పక్కన పెట్టి వచ్చి, పిల్లను అందుకుంది. ఆ గొణుగుడేదో నాకు చెప్పు, నేను ఊపుతాను, నువ్వు అవతలికి పోయి నీ తిప్పలు నువ్వు పడు అంది.

అత్తయ్యకు నేర్పడం ఇంకో తలనొప్పి. హెర్బారుమ్ ఆవిడ నోట్లో హరిబారమై కూర్చుంది. మొక్క గురించి పాడుతూ అన్ని సకిలింతలెందుకని సణిగింది. అయినా పట్టు వదలలేదు. నాలుగు పూటలు గడిచేసరికి రాగం ఆవిడ గొంతులో కుదిరిపోయింది, పైగా ప్రతి వరస చివరా తన సొంత 'హాయీ' ఒకటి తగిలించింది. పిచ్చుక దానికి ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

అంతా బాగానే ఉందనుకుంటే, పక్కగదిలోంచి అత్తయ్య రాగం వినబడగానే ఈమె నాలుక దానంతటది వరసలో పడిపోయేది. పట్టీ మీద ఏముందో చూడకముందే తరవాతి మాట నోట్లో ఉండేది. తలుపు వేసుకున్నా లాభం లేకపోయింది. చివరికి పట్టీలు పట్టుకుని వీధిలో ఆగివున్న వ్యానులోకి పోయి, అద్దాలు బిగించి కూర్చుంది.

అలా రోజూ రాత్రి, వ్యానులోని చిన్న లైటు కింద డ్రైవరు సీట్లో చెమటలు కక్కుతూ ఆమె చదువు సాగింది. ఎదురింటి కుట్టుపని ఆవిడ అద్దం తట్టి, ఏం, మొగుడు వెళ్ళగొట్టాడా అని అడిగింది. ఈమె తల ఊపి ఇంకో పట్టీ తీసింది. ఒక చెవి ఎప్పుడూ ఇంటివైపే ఉండేది. ఏడుపు వినబడిందని పరుగెత్తుకు వస్తే, గుమ్మంలోనే అత్తయ్య చెయ్యి ఊపి వెనక్కి పంపేసేది. తిరిగొచ్చేసరికి అనుకున్న నాలుగు మాటలూ గాలికి పోయేవి. ఆకు, వేరు, ఎరుపు, పొడవు, మళ్ళీ మొదటికి. ఒక రాత్రి స్టీరింగు మీద తల ఆన్చి, ఇక నా వల్ల కాదు, మట్టిలో పుట్టిన చేతులు మట్టిలోనే ఉండనీ అనుకుంది. అంతలో హారన్ నొక్కుకుని వీధి వీధంతా తిరిగి చూసింది. సిగ్గుతో మళ్ళీ పట్టీలు కలిపింది.

ఎప్పుడు మారిందో ఆమెకు తెలియలేదు. ఒకరోజు హెర్బీస్ అన్న పట్టీ తీస్తే రాగం రాలేదు. షెడ్డులో వరసగా పెట్టిన మొలకలు కళ్ళముందు మెదిలాయి, 'మొక్కలతో' అని.

రెండో పరీక్షకు మాస్టారు కాగితం ఇవ్వలేదు. విత్తనాల గదిలోకి తీసుకెళ్ళి, ఒక సొరుగు లాగి చీటీ చూపించాడు. ఆమె మోకాలు ఊగలేదు. పొడవాటి ఆకులతో అంది. ఇంకో సొరుగు లాగాడు. బాక్కీస్ రుబ్రీస్ అని ఉంది. 'ఎర్రని' దాకా వచ్చి, బాక్కా అంటే ఏమిటో మర్చిపోయింది. గింజల పొట్లం వైపు చూసింది, దాంట్లోనూ ఏమీ రాసిలేదు. చాలాసేపటికి, ఎర్రని పళ్ళతో అంది. మూడోదానిలో ఒకటి తప్పు చెప్పింది. మాస్టారు గడ్డం గోక్కున్నాడు.

"నెమ్మదే. కానీ పాడటం లేదు," అన్నాడు. "సోమవారం నుంచి ఇటు రా."

ఆ సోమవారమే ఆమె ఎండ ఉండగానే ఇల్లు చేరింది. పిచ్చుక మెలకువగా ఉంది, ఆవులిస్తోంది. ఆమె సంచి గుమ్మంలోనే పడేసి, కాళ్ళు చాచి పిల్లను పడుకోబెట్టుకుంది. ఇన్నాళ్ళుగా ఎదురుచూసింది ఈ పూట కోసమే. హెర్బా, హెర్బై అని ఎత్తుకుంది. మూడో మాట దగ్గర, ఇది 'మొక్కకు' కదా అని మనసు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కలిపింది. తరవాతి వరసలో హెర్బాస్ ముందు వచ్చిందో, హెర్బీస్ ముందు వచ్చిందో తేల్చుకోలేక తడబడింది. పిచ్చుక తల ఎత్తి ఆమె మొహంలోకి అనుమానంగా చూసింది. మొదట్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఇంకా ముందే తెగింది. పిల్ల దొర్లి, ఇస్త్రీ బల్ల వైపు రెండు చేతులూ చాచి ఏడుపు అందుకుంది.

"ఇటివ్వు అమ్మాయ్," అంది అత్తయ్య. "అలిసిపోయి వచ్చావు."

"నేను అలిసిపోలేదత్తయ్యా."

"సరే, అలిసిపోలేదు. దానికి నిద్రొస్తోంది కదా, ఇవ్వు."

ఇచ్చింది. అత్తయ్య గోడకానుకుని కూర్చుని, కళ్ళు సగం మూసుకుని, తన హరిబారాలూ హాయీలతో ఎక్కడా ఆగకుండా సాగిపోయింది. ఏడుపు రెండో వరసలోనే సద్దుమణిగింది. పిచ్చుక వాళ్ళమ్మ పక్కన చేరి, మెల్లగా గొంతు కలపబోయింది. మూసుకుంటున్న కళ్ళు మళ్ళీ తెరుచుకున్నాయి. అత్తయ్య పాట ఆపకుండానే తల అడ్డంగా ఊపింది. ఆమె నోరు మూసుకుంది. పిల్ల పాదం ఒకటి చీర అంచు మీదికి వేలాడుతుంటే, మెలకువ రాకుండా రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని, కిటికీలో వెలుతురు ఉన్నంతసేపూ అక్కడే కూర్చుంది.