ముల్లు తగలని పులుసు

ముత్యాలు చింతపండు పిసుకుతూ ఉండగానే తెల్లవారింది. మోచేతుల దాకా పులుపు. పొట్టి మనిషి, గట్టి మనిషి. కుడి బొటనవేలి గోరు కింద చేప పొలుసు మెరుపొకటి ఎన్ని సబ్బులు అరిగినా పోక అలాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్లుగా కొత్తపేట చుట్టుపక్కల ఏ ఇంట విందైనా చేపల పులుసు ఆమెదే. శుభలేఖల్లో ఆమె పేరు ఎన్నడూ పడలేదు. అయినా ముత్యాలుకి ఆ రోజు తీరికేనా అని కనుక్కుని మరీ ముహూర్తం పెట్టుకున్న ఇళ్లున్నాయి.

ఈనాటి విందు గోదారి గట్టు మీద, చేపల శాఖ ఆఫీసరు గారి రాకకు. వాడపల్లికి దిగువన రెండెకరాల గడ్డిపర్రను మత్స్యకారుల సంఘం కొన్నది. వరద వస్తే మునిగి, తీస్తే తేలే పల్లపు నేల. వరి పండదు, కొబ్బరి నిలవదు. ఆషాఢంలో ఎర్రనీరు ఎక్కగానే చేపలు మాత్రం పుట్టింటికి వచ్చినట్టు ఆ గడ్డిలోకి వచ్చి గుడ్లు పెట్టి పోతాయి. అక్కడ రొయ్యల చెరువు తవ్వడానికి ఎవరో బేరమాడుతున్నారని తెలిసి సంఘం ముందుగా కొనేసింది. కొన్నాక అక్కడ చేయవలసిన పని ఏమీ లేదు. ఏమీ చేయకుండా ఉండడమే పని. ఊరివాళ్లకు ఇది కొరుకుడుపడలేదు. పోనీ నాలుగు అరటి పిలకలైనా వేయండని దారిన పోయే ప్రతివాడూ ఆగి సలహా ఇచ్చి పోతున్నాడు.

నిజానికి మొదటి మాట ముత్యాలుది. చేప కడుపులో ఉండే గుడ్ల సంచిని అక్కడివాళ్లు జన అంటారు. ఏటేటా జన చిక్కిపోతోందని, కోసే చేతికే తెలుస్తుందని, ఆ గడ్డినైనా కాపాడుకోవాలని, రెండేళ్ల కిందట సంఘం అధ్యక్షుడు బుచ్చిరాజుతో ఆమె అన్నది. ఆ మాట మూడు సమావేశాలు తిరిగి వచ్చేసరికి బుచ్చిరాజు ఆలోచనగా స్థిరపడింది. ముత్యాలు నొచ్చుకోలేదు. మాట ఎవరిదైతేనేం, గడ్డి మిగిలింది.

చేపలు తగ్గాయి, విందులు తగ్గాయి, పిలుపులు తగ్గాయి. అందుకే ఆమె కువైట్‌లో ఒక ఇంట వంటపనికి ఒప్పుకున్నది. ఈ సాయంత్రం నాలుగు గంటల బస్సుకే ప్రయాణం. ఈ సంగతి తనతో పాటు వండే రామలక్ష్మికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊరు ఊరంతా కువైట్‌లోని తమవాళ్లకు ఆవకాయ సీసాలు మోసుకొస్తుంది. పెట్టెలో తన చీరలకు చోటుండదు. కనుక ఇదే ఆఖరి పులుసు. నాలుగు కాలాలపాటు జనం చెప్పుకునేలా వండి పోవాలని రాత్రంతా అనుకున్నది.

ఎనిమిదింటికి బుచ్చిరాజు తొట్టె మోయించుకుని వచ్చాడు. నీళ్లలో మూడు శీలావతులు, బతికే ఉన్నాయి. కడుపులు బిందెల్లా ఉన్నాయి.

"మన పర్రలోయే చెల్లెమ్మా. తెల్లారగట్ల వల వేయించేను," అన్నాడు.

ముత్యాలు అటు చూసింది. 'ఇచ్చట చేపలు పట్టరాదు' అన్న కొత్త బోర్డు మీదే తడి వల ఆరవేసి ఉంది.

"గుడ్లు పెట్టడానికొచ్చినవి కదండీ అన్నయ్యగారూ."

"అదే కదా చెప్తన్నాను! ఆఫీసరు గారు ఆ జన తింటే గాని నమ్మరు, ఇక్కడ గుడ్లు పెడతాయని."

"తినేశాక ఇంకేం పెడతాయండీ?"

బుచ్చిరాజు మర్యాద సంగతి ఎత్తాడు. పెద్దమనిషిని పిలిచి చేప లేకుండా పంపితే తలెత్తుకోగలమా అన్నాడు. కొత్తపేట నుంచి చెరువు చేప తెప్పిస్తే, గోదారి గట్టున కూర్చోబెట్టి చెరువు చేప పెట్టారని జిల్లా అంతా నవ్వదా అన్నాడు. అని, షామియానా సంగతి చూడడానికి వెళ్లిపోయాడు.

ముత్యాలు తొట్టెను నీటి ఒడ్డుకు ఈడ్పించి, కత్తిపీట వేసుకుని కూర్చున్నది. మొదటి చేపను ఒడిసి పట్టుకున్నది. బొటనవేలి కింద కడుపు మెత్తగా, నిండుగా అదిరింది. ముప్పై ఏళ్లలో ఎన్ని కోసిందో. వేలు ఎన్నడూ ఆగలేదు. ఇవాళ ఆగింది. చేప లేని పులుసు పోస్తే ముప్పై ఏళ్ల పేరు ఒక్క పంక్తిలో పోతుంది. చేప వేస్తే పేరు ఉంటుంది, పర్రే ఉత్తదవుతుంది.

చేతులు నీళ్లలోకి దించి వేళ్లు విప్పింది. ఒకటి, రెండు, మూడు. మూడోది వెళుతూ వెళుతూ తోకతో ముఖం నిండా బురద కొట్టింది.

"కృతజ్ఞత," అనుకుని కొంగుతో తుడుచుకున్నది.

తర్వాత పొయ్యి దగ్గర ఏ లోటూ చేయలేదు. ఉల్లిముద్ద వేగింది. పచ్చిమిరప చీలికలు, లేత బెండకాయలు పడ్డాయి. దించబోయే ముందు ఆవకాయ నూనె తిరిగింది. వాసనకు గట్టు మీద మాటలు ఆగిపోయాయి.

ముక్క విరుగుతుందని పులుసు గరిటె ఆమె ఎప్పుడూ ఇతరులకు ఇవ్వదు. ఇవాళా తనే వడ్డించింది. పంక్తిలో ఇరవైమంది. ముక్క రాని ప్రతివాడూ అది పక్కవాడికి వెళ్లిందనుకున్నాడు. అడిగితే ఆబగా ఉంటుందని అన్నం కప్పుకుని కలుపుకున్నాడు. ఇది గోదారి జిల్లా. ఇక్కడ ఆకలైనా అడగరు, అందకపోయినా అనరు.

బుచ్చిరాజు అధికారి ఎదుట వంగి, ముక్క ఎలా ఉందని అడిగాడు.

"ఆయ్, అమోఘమండి," అన్నాడాయన. "ఒక్క ముల్లు తగిలితే ఒట్టు."

దానితో దారి దొరికింది. ఒకాయన తనకు తలకాయ వచ్చిందన్నాడు. ఆయన కంటే తక్కువ తినలేదని పక్కాయన తనకూ తలే వచ్చిందన్నాడు. పంక్తి లేచేసరికి మూడు చేపలకు ఐదు తలలు తేలాయి. జన వెన్నలా కరిగిందని నలుగురు సాక్ష్యం చెప్పారు. తోకముక్క తనకు సరిపోయిందని బుచ్చిరాజు కూడా అన్నాడు. ముత్యాలు గరిటె పట్టుకుని ఒక్కొక్క ముఖమే చూసింది. మెచ్చుకున్నారో, కనిపెట్టి కాపాడారో ఆమెకు అంతుపట్టలేదు. అడగడానికి ఆమెదీ గోదారి జిల్లాయే.

అతిథులు కార్లెక్కాక బుచ్చిరాజు నిప్పుల మీదున్న పులుసు దాక దగ్గరకు వచ్చాడు. గరిటె అడుగు దాకా దించి తిప్పాడు. బెండకాయలు తేలాయి. మళ్లీ తిప్పాడు. ముల్లు కాదు కదా, పొలుసైనా లేదు. వల ఆరవేసిన బోర్డు వైపు చూశాడు. వెళ్లి ముందు ఆ వల తీసేశాడు. వచ్చి, చాప పరిచి, ఆకు వేసి, అన్నం పెట్టి, నడుమ గుంట చేసి, తన చేత్తో పులుసు పోశాడు.

"ముత్యాల్ని పిలు, రామలక్ష్మీ. పొద్దుట్నుంచీ ఏం తినలేదు."

"వెళ్లిపోయిందండి. నాలుగ్గంటల బస్సుకి. కువైటండి, రెండేళ్లట."

బుచ్చిరాజు గట్టు పొడవునా చూశాడు. బస్సు రేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.

"ఒక్క మాట చెప్తే అక్కడ మా బావమరిదికి ఆవకాయ..." అని మొదలుపెట్టి, ఎందుకో ఆగిపోయాడు.

ఆ ఆకు తీయమని ఎవరూ అనలేదు. గోదారి గాలికి లేవకుండా కొసన మంచినీళ్ల గ్లాసు బరువు పెట్టిన అరటాకులో, అన్నం గుంటలో నిలిచిన పులుసు ఇంకా పొగలు కక్కుతూ ఉంది.