విన్నాకే అంటించే అంచు

అరవయ్యో రిజిస్టరు వీపుకు గుడ్డ అంటించి, బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క రుద్దు రుద్ది, బైండరు గోడ గడియారం వంక చూశాడు. పన్నెండూ ఇరవై. శనివారం ఒంటిగంటకే ప్రెస్సు మూసేస్తారు. ఇంకా నలభై నిమిషాలున్నాయి. ఆ నలభై నిమిషాల కోసమే ఆయన పొద్దున ఏడింటికి వచ్చి కూర్చున్నాడు. మధ్యలో టీకి కూడా లేవలేదు.

బల్ల కింద దాచిన అట్టను పైకి తీశాడు. మంచి దళసరి అట్ట. వారం కిందటి పనిలో మిగిలిన ముక్క.

పొట్టి మనిషి. ముప్ఫై నాలుగేళ్లుగా వంగి కుట్టీ కుట్టీ కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. గోళ్ల చుట్టూ ఎండిన జిగురు తెల్లటి పొరలు కట్టి ఉంటుంది. ఆ చేతులు దేన్ని పట్టుకున్నా ముందు అంచుల్నే వెతుక్కుంటాయి. కంచమైనా అంతే, దిండైనా అంతే.

"ఏం బైండరుగారూ, ఇదే రకం రిజిస్టరు? నలుచదరంగా ఉందే?" అన్నాడు అటుగా వచ్చిన మేనేజరు.

"ఇందులో లెక్కలు రాయరు లెండి సార్. పాటలు పెట్టుకుంటారు."

మేనేజరుకు అర్థమైంది. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరి గ్రామఫోను రికార్డు కవరు చిరిగినా తెచ్చి బైండరుకిస్తారు. ఆయన డబ్బు పుచ్చుకోడు. కొత్త కవరు చేసి, ఆ రికార్డును తన ఇంట్లో ఒక్కసారి వింటాడు. అదే కూలి. ఇంకో పట్టింపు కూడా ఉంది. కవరు పై అంచు ముందే అంటిస్తాడు గానీ, అడుగు అంచు మాత్రం రికార్డు విన్నాకే. నచ్చితే జిగురు మందంగా రాస్తాడు, నచ్చకపోతే పల్చగా. పక్కింటి లెక్కల టీచరమ్మ డోళ్ల రికార్డు కవరు మూణ్ణెల్లకోసారి అడుగు ఊడిపోతుంది. ఎందుకో ఆవిడకు ఇవాళ్టికీ తెలియదు.

ఈరోజు కవరు మాత్రం ఆయన సొంతానికి.

ఇరవై రెండేళ్ల కిందట, మొదటి జీతం పెంపు వచ్చినప్పుడు, బైండరు ఒక ఎల్పీ రికార్డు కొన్నాడు. ఇంటికి తెచ్చి, కవరులోంచి తీసి, అంచుల మీద పట్టుకుని అందరికీ చూపిస్తూండగా, బావమరిది "ఇలా తే బావా, చూద్దాం" అంటూ లాక్కున్నాడు. వాడి వేలి ఉంగరం రికార్డు మీద సర్రున గీసుకుపోయింది. అంతే. ఆనాటి నుంచి రెండో పాట రెండో చరణం చివర ప్లేయరు ముల్లు చిక్కుకుపోతుంది. పాడే ఆవిడ అదే ముక్కను మళ్లీ మళ్లీ పాడుతుంది. అందరూ కలిసి ప్లేయరున్న బల్ల మీద ఒక్క గుద్దు గుద్దితే ముల్లు ఎగిరి మూడో చరణంలో పడుతుంది. మధ్యలో ఏముందో ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. అక్కడ వేణువుంటుందని భార్య అంటుంది. లెక్క ప్రకారం ఇంకో నాలుగు పంక్తులు ఉండాలని టీచరమ్మ అంటుంది. "ఏమీ లేదు బావా, నేను గీసింది ఖాళీ మీదే" అని బావమరిది సమర్థించుకుంటాడు. తానేమనుకుంటున్నాడో బైండరు ఎవరికీ చెప్పలేదు.

ఆ బావమరిదే మొన్న గురువారం క్షవరం పెట్టె చంకన పెట్టుకుని పరుగున వచ్చాడు.

"బావా! నా దగ్గర గడ్డం గీయించుకునే పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చేశాడు. అచ్చం నీ రికార్డే! ఒక్క గీత లేదు. కవరే లేదు."

బైండరు వెంటనే వినలేదు. శనివారం నలుగురూ ఉండగా వినాలన్నాడు. ఇరవై రెండేళ్లు ఆగినవాడికి రెండు రోజులు ఒక లెక్కా అన్నాడు. ఆ రెండు రాత్రులూ నిద్రపోలేదని భార్యకు మాత్రం తెలుసు.

*

రెండున్నరకు బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు పడ్డాయి. బావమరిది ఉంగరం తీసి గూట్లో పెట్టాడు. ఈ ఇంట్లో రికార్డు ముట్టాలంటే అది రూలు.

బైండరు రికార్డును కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టాడు. నల్లటి నీళ్ల మీద ఎండ జారినట్టు వెలుగు గాడుల మీద గుండ్రంగా తిరిగింది. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచాడు. ముల్లు దించాడు. ముందు ఆ చిటపటలు. పాట కన్నా ఆ చిటపటలంటేనే ఆయనకు ప్రాణం, తలుపు తీయబోతూ ఎవరో గొళ్లెం కదిపినట్టుంటుందంటాడు.

మొదటి పాట అయిపోయింది. రెండోది మొదలైంది. మొదటి చరణం. రెండో చరణం. బైండరు మెడ ముందుకు సాగింది. చరణం చివరి ముక్క వచ్చింది...

ధబ్!

నాలుగు చేతులు ఒక్కసారిగా బల్ల మీద పడ్డాయి. ముల్లు ఎగిరి మూడో చరణంలో పడింది.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరు గుద్దమన్నారయ్యా?" అంది టీచరమ్మ.

"మీరూ గుద్దారుగా!" అన్నాడు బావమరిది.

"నా చెయ్యి దానంతటదే లేచింది!"

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బైండరు మాత్రం నవ్వలేదు. గబగబా ముల్లు ఎత్తి, రికార్డును వెలుగుకు పెట్టి, ఊపిరి బిగబట్టి వెతికాడు. గీత పడలేదు. అప్పుడు నవ్వాడు.

"అందరూ చేతులు కట్టుకోండి" అని టీచరమ్మ ఆజ్ఞాపించింది. "అన్నయ్యా, మీరు కూడా. గట్టిగా!"

నలుగురూ ఒకటో తరగతి పిల్లల్లా చేతులు కట్టుకుని కూర్చున్నారు. మళ్లీ రెండో పాట. మళ్లీ ఆ చరణం చివర. వాద్యాలు ఆగాయి. పాడే ఆవిడ తొందరపడి ఒక క్షణం ముందే ఎత్తుకుంది, టక్కున ఆగింది, చిన్నగా, గొంతులోనే, నవ్వేసింది. వెనక ఎవరో దగ్గారు. మూడో చరణం మొదలైంది.

"తప్పు పాడింది!" అంది టీచరమ్మ.

"నవ్వింది" అంది భార్య.

బైండరు కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "ఇరవై రెండేళ్లుగా ఆవిడ నవ్వు మీద గుద్దుతున్నాం కదరా!" అంటూ పొట్ట పట్టుకున్నాడు.

"ఇంతకీ నువ్వేమనుకున్నావు బావా?"

"చెప్పను. నాదానికన్నా ఇదే బాగుంది."

*

ఐదింటికి బావమరిదీ టీచరమ్మా వెళ్లిపోయారు. ఆరిన బట్టలు తేవడానికి భార్య మేడ మీదికి బయల్దేరింది.

"నువ్వెళ్లు. ఆ వైపు ఇంకోసారి వేసుకుంటా" అన్నాడు బైండరు.

"అరగదీయకండి. రేపు కూడా ఉంటుంది."

పైన దుప్పటి మడుస్తూండగా కింద నుంచి రెండో పాట వినబడింది. ఆ చరణం చివర ఆమె చెయ్యి గాల్లోకి లేచి, ఆగింది. పాడే ఆవిడ నవ్వింది. వెంటనే బైండరు నవ్వాడు. తరువాత మూడో పాట, నాలుగోది. అంతా మడత పెట్టి ఆమె మెట్లు దిగేసరికి ఆ వైపు అయిపోయి, ముల్లు చివరి గాడిలో సర్... సర్... మని తిరుగుతోంది.

ఆమె గడపలోనే ఆగిపోయింది. ముల్లు అలా ఊరికే అరుగుతూంటే ఆయన కుర్చీలో కూర్చోగలిగే మనిషి కాదు. అన్నం ముందు నుంచి కూడా ఎంగిలి చేత్తో లేచి వచ్చేవాడు.

బట్టలు నేల మీద పెట్టింది. ముందు ముల్లు ఎత్తింది. ఆయనైతే అదే చేసేవాడు. ఆ తరువాత ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. మనిషి వెళ్లిపోయాడు. మొహాన ఆ నవ్వు తాలూకు ముడత ఒకటి మిగిలింది. కుర్చీలో వెనక్కి వాలడంతో, ఇన్నేళ్లకు, భుజాలు రెండూ సమంగా ఉన్నాయి.

తమ్ముణ్ణి కేకేయడానికి లేవబోతూ ఆమె బల్ల వంక చూసింది. ఇస్త్రీపెట్టె బరువు కింద కొత్త కవరు ఉంది. అడుగు అంచు అంటించి ఉంది. జిగురు ఎంత మందంగా రాశాడంటే, అంచు పొడుగునా బయటికి పొంగి, ఇంకా తడిగా మెరుస్తోంది.