మీటరు వచ్చేదాకా

మొండక్క జుట్టంతా గుడ్డలో బిగించి కట్టి, దాని మీద హెల్మెట్ పెట్టుకుని, గోకుడు రేకు అంచుని బొటనవేలితో తడిమి చూసుకుంది. పదును పోయింది. పక్కనున్న రాయి మీద నాలుగు రుద్దులు రుద్దింది. నిన్న మధ్యాహ్నం రాకెట్ ఎగిరింది. ఇవాళ దాని మసి గోకాలి.

రాకెట్ ఎగిరేటప్పుడు కిందికి తన్నుకొచ్చే మంటని పక్కకి మళ్ళించడానికి వేదిక అడుగున పెద్ద కాంక్రీటు గొయ్యి ఉంటుంది. మంటగొయ్యి అంటారు దాన్ని. లోకమంతా తలెత్తి పైకి చూసి చప్పట్లు కొట్టాక, మొండక్కా ఆమె జట్టు ఆడవాళ్ళూ తలలొంచుకుని అందులోకి దిగుతారు. గోడలకి పట్టిన మసి, కరిగి అతుక్కుపోయిన ఇనుప ముక్కలు, పగిలిన పెచ్చులు అన్నీ గోకి, కడిగి, ఎత్తిపోయాలి. ఇన్నేళ్ళ నౌకరీలో ఆమె ఒక్క రాకెట్ కూడా ఎగరడం దగ్గర్నుంచి చూడలేదు. ఎగిరే ముందే వీళ్ళందర్నీ బస్సెక్కించి తరిమేస్తారు. "చూసి ఏం చెయ్యాలమ్మా? వెళ్ళేది వెళ్తుంది, మసి నాకు మిగులుతుంది" అంటుంది.

ఒకప్పుడు ఏడాదికి ఒకటో రెండో ఎగిరేవి. ఇప్పుడు టీవీ పెడితే చాలు, ఏదో ఒక దేశంలో ఏదో ఒకటి లేస్తూనే ఉంటుంది. కొన్ని భూమి చుట్టూ తిరగడానికి వెళ్తాయి. కొన్ని ఊరికే ఆకాశం అంచుదాకా పోయి, లోపల కూర్చున్న డబ్బున్న మారాజుల్ని కాసేపు గాల్లో తేలించి మళ్ళీ దించేస్తాయి. అదేం సరదానో ఆ దేవుడికే తెలియాలి. ఇక్కడా ఈమధ్యే రెండో వేదిక కట్టారు. ఈ గోతిలో మసి ఆరకముందే ఆ గోతిలో మంట పెడుతున్నారు. దాంతో జట్టుకి ఒకటే తొందర.

ఆ పొద్దున ఇంట్లో గొడవైంది. మొండక్క భర్త ఒకప్పుడు ఇక్కడే కాపలాదారు. ఒక రాకెట్ ఎగిరిన మర్నాడు గొయ్యి అడుగున కుక్క ఒకటి నిద్రపోతున్నట్టు పడి ఉంటే, జాలిపడి పైకి తెద్దామని దిగాడు. పైపుల్లోంచి కారిన చల్లటి నైట్రోజన్ ఆ పల్లంలో చేరి ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. ఊరికే నిద్రపుచ్చేస్తుంది. మనిషిని బతికించి తెచ్చారు గానీ మతి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు చొక్కా గుండీలు కూడా ఆమే పెట్టాలి. తలుపు తీసి ఉంటే ఎటు నడిచిపోతాడో ఆయనకే తెలీదు. అందుకని బయట తాళం వేసుకుని పనికొస్తుంది.

పక్కింట్లోనే ఉంటూ, ఇదే జట్టులో పనిచేసే ఆడపడుచుకి అది చూస్తే ఒళ్ళు మండుతుంది.

"మా అన్నయ్యేమన్నా దొంగా, తాళం వెయ్యడానికి?"

"అంత ప్రేముంటే నువ్వు పని మానేసి కూర్చో పక్కన."

"ఇంక నీతో మాట్లాడితే ఒట్టు!"

బస్సులో చెరో కిటికీ పట్టుకుని మూతులు ముడుచుకుని వచ్చారిద్దరూ.

మెట్ల దగ్గర కొత్త సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను, ముఖమంతా చెమట. కుర్రాడేం చెడ్డవాడు కాదు.

"దిగండక్కా, దిగండి. మీటరాయన రెండో వేదిక దగ్గర ఇరుక్కుపోయాడు. రాత్రంతా ఫ్యాన్లు తిరిగాయి, గాలి బాగానే ఉంటుంది."

ఆ ప్రమాదం తర్వాత పెట్టిన పద్ధతి ఒకటుంది. ముందు మీటరు దిగాలి, తర్వాతే మనిషి. గాలి సరిగ్గా ఉందో లేదో ఆ మీటరే చెప్పాలి.

"మీటరు రానీ బాబూ, దిగుతాం" అంది మొండక్క.

"పైవాళ్ళు నన్ను తినేస్తున్నారక్కా!"

"వాళ్ళు తింటే నువ్వు చావవులే."

జట్టంతా కిసుక్కుమంది. మొండక్క నవ్వలేదు. మొదటి మెట్టు మీద అడ్డంగా కూర్చుని గోకుడు రేకు ఒళ్ళో పెట్టుకుంది. కుర్రాడి ముఖం ఎర్రబడింది.

"సరే, మీరు కూర్చోండి. మిగతావాళ్ళు దిగండి."

ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆడపడుచు ముందుకొచ్చింది. వదిన మీద పొద్దుటి కోపం ఇంకా చల్లారలేదు. "నేను దిగుతా. ఈవిడగారి పెత్తనం ఏంటి?" అంటూ వదిన పక్కనుంచి కాలు రెండో మెట్టు మీద వేసింది. మొండక్క చటుక్కున ఆమె నడుం బెల్టు పట్టుకుంది.

"నా మీద కోపం నా మీద చూపించు. గోతికి చూపించకు."

"వదులు."

"వదల్ను. ఇంట్లో ఒక మనిషిని పెట్టి తాళం వేసుకొస్తున్నాను. ఇంకో మనిషిని పెట్టి తాళం వేసే ఓపిక నాకు లేదే!"

ఆ మాటతో ఆడపడుచు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేసిన కాలు వెనక్కి తీసుకుని, గట్టు మీద అటు తిరిగి కూర్చుంది. ఒక్కొక్కరే మిగతావాళ్ళూ కూర్చున్నారు. సూపర్‌వైజరు ఫోను పట్టుకుని దూరంగా వెళ్ళి ఎవరికో చెప్పుకున్నాడు.

మొండక్కకి లోపల భయంగానే ఉంది. ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? పని పోతే రోజంతా ఆ గదిలో, ఆ తాళానికి లోపలివైపు తనూ ఉండాలి. అయినా లేవలేదు.

ఎండెక్కాక మీటరాయన రొప్పుతూ వచ్చాడు. తాడు కట్టి మీటరుని అడుగుదాకా దించాడు. ఎక్కడ ఆపినా పచ్చ దీపమే. గాలి శుభ్రంగా ఉంది.

"చూశారా? పొద్దుటి నుంచీ ఇదే కదా మొత్తుకుంటున్నాను!" అన్నాడు సూపర్‌వైజరు.

"చూశాను బాబూ. చూశాకే దిగుతానన్నాను. ఇదిగో, దిగుతున్నా."

ఇసుమంత కూడా సిగ్గుపడలేదు. సిగ్గెందుకు?

అడుగున గోడలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. మసి పైపొర పొడిలా రాలుతుంది, లోపలిది జిగురులా రేకుని పట్టుకుంటుంది. దిగినవాళ్ళు మధ్యమధ్యలో పైకి కేకెయ్యాలి, గట్టు మీదున్న మనిషి పలకాలి, అదీ పద్ధతే. ఇవాళ గట్టు మీద వంతు ఆడపడుచుది.

"ఏయ్ పిల్లా!"

ఆ పిల్లకి మనవలున్నారు. "ఊఁ" అంది ముక్కుతో.

"ఏయ్ పిల్లా!"

"ఆఁ!"

మధ్యాహ్నానికి గొంతు మెత్తబడింది. "ఇక్కడే చచ్చాన్లే వదినా, నువ్వు గోక్కో!"

మొండక్క మసి ముఖంతో గోడకేసి నవ్వుకుంది.

పొద్దువాలి పైకొచ్చేసరికి సూపర్‌వైజరు తల దించుకుని నిలబడి ఉన్నాడు. "రేపట్నుంచి రావద్దన్నారక్కా. మీ మీద ఫిర్యాదు నేను రాయలేదు, పైవాళ్ళే... పాసు, హెల్మెట్, బూట్లు ఇచ్చెయ్యమన్నారు."

"నన్ను పంపేస్తే గోతిలో గాలి మారుతుందా నాయనా?"

పాసూ హెల్మెటూ అతని చేతిలో పెట్టింది. తర్వాత మొదటి మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పి, అక్కడే పక్కపక్కన పెట్టింది.

"ఇవీ మీవే. మీటరు రాకుండా మా వాళ్ళని దింపాలనిపించిన రోజు, వీటిని నువ్వే తియ్యి. నీ చేత్తో."

కాంక్రీటు కాలుతున్నా తొందరపడకుండా, ఒట్టి కాళ్ళతో బస్సు దాకా నడిచింది. ఆడపడుచు వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

మళ్ళీ రాకెట్ ఎగిరిన మధ్యాహ్నం ఇంటి కిటికీలు గడగడలాడాయి. తలుపు బార్లా తీసి, మొండక్కా ఆమె భర్తా గడపలో కూర్చుని ఉన్నారు.

"వెళ్ళిందా?" అన్నాడాయన.

"వెళ్ళింది. రేపు మీటరు రాకుండా మా జట్టువాళ్ళెవరూ దిగరు, చూస్తూ ఉండు" అంది ఆమె, ఆయన గుండీ సరిచేస్తూ.

మర్నాడు పొద్దున గట్టు మీద జట్టంతా కూర్చుని ఉంది, ముందు వరసలో ఆడపడుచు. రాకెట్ మంట తగలకుండా తీసి దాచిన వదిన బూట్లని ఆమే తెచ్చి మళ్ళీ మొదటి మెట్టు మీద పెట్టింది. మీటరు మళ్ళీ రెండో వేదిక దగ్గరే ఉంది. సూపర్‌వైజరు ఫోను మోగుతూనే ఉంది. అతను మెట్ల దాకా వెళ్ళి వంగాడు, చెయ్యి చాపాడు. ఆడపడుచు రెప్ప వెయ్యకుండా చూస్తోంది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని ఫోనెత్తాడు.

"ముందు మీటరు పంపండి సార్. అప్పటిదాకా ఎవరూ దిగరు."

మొదటి మెట్టు మీద ఆ బూట్లు కుట్లలో మసితో, ఒకదాని లేసు ఊడి వేలాడుతూ, మెట్టుకి అడ్డంగా అలాగే ఉన్నాయి.